చెఱువుగట్టున మా పిల్లల పరీక్ష

బడిలో విజ్ఞానశాస్త్రపు పోటీ వచ్చినదనగానే మన యిండ్లలో మొదట వెదకబడునవి అట్టముక్కలు, రంగులు, జిగురు. తరువాత థర్మోకోల్ పలకలు. పిల్లవాడు నిద్రించును, తల్లి మేలుకొని కత్తిరించును, తండ్రి చక్కని దస్తూరితో పేరులు వ్రాయును. మఱునాడు మెప్పుమాత్రము పిల్లవానికి వచ్చును. నేనును అట్టి తల్లులలో నొకతెనే. మా పెద్దవాని చదువుకాలమున మూడేండ్లు వరుసగా నేనే కర్మాగారపు పొగగొట్టములు చేసితిని, దూదితో పొగయు చేసితిని. మా యూర పొగగొట్టమున్న కర్మాగార మొక్కటియు లేదన్న సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. పర్యావరణము పాడగుటనుగూర్చి పాఠము చెప్పుటకు థర్మోకోల్ కొనుటలోని వింతయు తట్టలేదు.

2022వ సంవత్సరమున మా రెండవపిల్ల యెనిమిదవ తరగతిలో నుండగా, ఎదురింటి బాలికతో గూడి బాలల విజ్ఞాన మహాసభకు పేరిచ్చి వచ్చెను. ఇది 1993 మొదలుకొని కేంద్రప్రభుత్వపు విజ్ఞాన సాంకేతిక శాఖవారి పూనికతో దేశమంతట జరుగుచు వచ్చిన కార్యము. 10 మొదలు 17 ఏండ్ల వయస్సుగల బాలబాలికలు తమ యూరనున్న యొక సమస్యను గైకొని, తామే చూచి, తామే కొలిచి, తామే వ్రాసి, మొదట జిల్లాలోను, నెగ్గినచో రాష్ట్రములోను, పిమ్మట దేశములోను పెద్దలయెదుట చెప్పవలెను. బొమ్మలు చేసి చూపుట గాదు. ఆ యేటికిని తరువాతి యేటికిని నిర్ణయించిన విషయము ఆరోగ్యమునకు, శ్రేయస్సునకు పర్యావరణవ్యవస్థను తెలిసికొనుట. మావారు ఉపాధ్యాయులు. పిల్లలకు మార్గదర్శకులుగా నుండుట కొప్పుకొని, నాకు మాత్ర మొక శాసనము చేసిరి: “నేను దారి చూపుదునే గాని యొక్క వాక్యమైన వ్రాయను. నీవును వ్రాయరాదు, కత్తెర పట్టరాదు.” నాకు కొంచెము కష్టము తోచినమాట నిజము.

మా యూరు కొల్లేటికి ఎగువనున్న చిన్నగ్రామము. ఊరిలో నొక చెఱువు. మా యత్తగారు కాపురమునకు వచ్చిన దినములలో ఆ నీరే బిందెలతో తెచ్చి, చిల్లగింజ నరగదీసి తేర్చి త్రాగెడివారట. చిల్లగింజతో నీరు తేఱునని సుశ్రుతసంహితలోనే యున్నది గనుక ఇది మనవారికి క్రొత్త విద్య గాదు. ఇప్పుడు త్రాగుటకు కుళాయి యున్నది; చెఱువు గేదెలకు, బట్టలకు, వేసవిలో పిల్లల యీతలకు మిగిలినది. ఒకమూల గుఱ్ఱపుడెక్క పఱచుకొన్నది. అది దక్షిణ అమెరికాఖండమునుండి వచ్చిన మొక్క. పూవు చూడముచ్చటగా నుండును, కాని నీటిపై కప్పువేసి క్రిందికి వెలుతురు దిగనీయదు. అరణ్యపర్వమున యక్షుడు కొలనిగట్టున నిలిచి, ప్రశ్నలకు బదులు చెప్పిన పిమ్మటనే నీరు త్రాగుమనెను గదా! మా చెఱువుగట్టున నట్టి యక్షుడు లేడు. ప్రశ్నలు మనమే వేసికొనవలసివచ్చినది.

పిల్లలు మొదట వేసికొన్న ప్రశ్న “చెఱువు నెవరు పాడుచేయుచున్నారు?” అనునది. బదులు ఊరివారందఱివద్ద సిద్ధముగానే యుండెను: “ఇంకెవరు? చాకిరేవు!” ఆ మాటయే తలపేరుగా పెట్టుకొని పిల్లలు వ్రాయబోగా, మావారు, “బదులు ముందే తెలిసినచో పరీక్ష యేల?” అని ప్రశ్నను మార్పించిరి. చెఱువులో నేచోట నీరు ఎక్కువ చెడియున్నది, ఎందువలన అన్నదే తుదకు నిలిచిన ప్రశ్న.

మూడుచోటులు గుర్తుపెట్టుకొనిరి. గుడివైపు గట్టు ఒకటి, చాకిరేవు రెండవది, మా వీధి మురుగుకాలువ వచ్చి చెఱువులో కలియు తూము మూడవది. ప్రతి యాదివారము, ఎనిమిది వారములు, ఒకే వేళకు, ఒకే తీరున, ప్రతి కొలతయు మూడేసిమాఱులు తీయవలెను. మూడును ఒక్కటిగా రాకున్న నడిమిది గైకొనవలెను. వంటలో ఉప్పు, పులుసు, కారము మూడును ఒక్కమాఱే మార్చినచో రుచి దేనివలన చెడినదో తెలియదు గదా. చోటొకటి మార్చి తక్కినవన్నియు మార్చకుండుటలోని యుక్తి నాకు ఆ విధముగానే బోధపడినది.

పరికరములనుగూర్చి తల్లులు భయపడనక్కఱలేదు. నీటి తేటదనము కొలుచుటకు మావాండ్రు పాత స్టీలుమూత నొకదానిని నాలుగు భాగములు చేసి, నలుపు తెలుపు రంగులు పూసి, అడుగున ఱాయి కట్టి, ముడులు వేసిన త్రాటితో నీటిలోనికి దింపిరి. మూత కనబడకుండ పోయిన లోతును ముడులతో లెక్కించుటయే. ఇటలీ దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సెక్కి యను మతాచార్యుడు 1865లో సముద్రముపై చూపిన యుపాయమిది. నేటికిని శాస్త్రజ్ఞులు వాడుచునే యున్నారు. ఆమ్లక్షారములు తెలిసికొనుటకు రంగుకాగితములు బడిలోనే దొరకినవి.

ముఖ్యమైనది నీటిలో కరగియుండు ప్రాణవాయువు. చేపలు పీల్చునది అదియే. సుమారు 30 డిగ్రీల వెచ్చదనముగల మంచినీటిలో గాలినుండి కరగి నిలువగల ప్రాణవాయువు లీటరునకు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. స్నానమునకు తగిన నీటిలో 5, చేపలు బ్రతుకు నీటిలో 4 మిల్లీగ్రాములకు తగ్గరాదని కేంద్ర కాలుష్యనియంత్రణ మండలివారి నిర్ణయము. దీనిని కొలుచు సీసాలు, మందుచుక్కలు మావంటి యూర దొరకునా యని నేను సందేహించితిని. కాని యెదురింటి బాలిక తండ్రి చేపలచెఱువుల రైతు. మావైపు అట్టి రైతులకు ఈ పరీక్ష పాలు కొలుచుకొన్నంత పరిచితము. హంగేరీ రసాయనశాస్త్రజ్ఞుడు వింక్లరు 1888లో కనిపెట్టిన పద్ధతి యిది. నీటిలో మందు వేయగానే ప్రాణవాయువు మెండుగా నున్న గోధుమవన్నె మడ్డి దిగును. లేకున్న తెల్లగా నుండును. మడ్డి దిగిన పిమ్మట వేయవలసినది ఘాటైన ఆమ్లము గనుక ఆ పని ఆయనయే చేసెను, పిల్లలు దూరమునుండి చూచిరి. ఈ నియమము మాత్ర మే తల్లియు సడలింపరాదు.

మొదటి రెండు వారములును మధ్యాహ్నము భోజనమైన పిదప వెళ్లి కొలిచిరి. ఫలితము చూచి మేమందఱము నివ్వెఱపోతిమి. మురుగు కలియు తూమువద్ద పచ్చని నీటిలో ప్రాణవాయువు 9 మిల్లీగ్రాములు! గుడివద్ద 7. అనగా మురుగుచోటనే నీరు శ్రేష్ఠమని లెక్క. అమ్మాయి సంతోషముతో, “అమ్మా, క్రొత్త సంగతి కనిపెట్టితిమి!” అనెను. నాకును గర్వము కలిగినది. అప్పుడు ఎదురింటి యన్నయ్యగారు నవ్వి, “తల్లీ, మధ్యాహ్నము చూచి మోసపోకుడు. తెల్లవారకముందు చూడుడు. మా చేపలు చచ్చునది ఆ వేళనే,” అని చెప్పెను.

కారణ మిది. నీరు పచ్చగా నుండుటకు హేతువు కంటికానని నాచు. ఎండ యున్నంతసేపు ఆ నాచు కిరణజన్యసంయోగక్రియచేత ప్రాణవాయువును విడుచును. అందుచేత మధ్యాహ్నమున నీటిలో అది పొంగిపొరలును. రాత్రి యైనతోడనే ఆ నాచే, దానితో కుళ్లు తిను సూక్ష్మజీవులును, తెల్లవార్లు ఆ వాయువును పీల్చివేయును. పగలంతయు దానముచేసి రాత్రి దోచుకొను గృహస్థువంటిది ఈ పచ్చనీరు. నాచు ఇంతగా పెరుగుటకు ఎరువు మనము పంపు మురుగులోని నత్రజని, భాస్వరము. మలమూత్రములలో రెండును గలవు. కొన్ని బట్టల సబ్బుపొడులలో భాస్వరపు లవణములును గలవు.

మూడవ వారమునుండి పిల్లలు తెల్లవారక మునుపే లేచి వెళ్లిరి. మావారు లాంతరుతో వెంట నడచిరి. నేను గట్టుమీద కూర్చుంటిని. తూమువద్ద 9 చూపిన చోటనే 2 చూపినది. చాకిరేవువద్ద 4, గుడివద్ద 5. అడుగుబురద తీసి జల్లెడలో కడుగగా గుడివైపు తూనీగల పిల్లపురుగులు దొరకినవి. తూమువద్ద ఎఱ్ఱని సన్నపురుగులు తప్ప మఱేమియు లేవు. అవి దోమను బోలియు కుట్టని యొకజాతి యీగల పిల్లలు. మన నెత్తురులోని హీమోగ్లోబినువంటిదే వాని నెత్తురులోను ఉండుటచే, ప్రాణవాయువు కొఱవడిన బురదలోను బ్రతుకగలవు. సీసాలు, మందులు లేని యింట ఈ పురుగులను చూచియే నీటిస్థితిని చాలవఱకు చెప్పవచ్చును.

చాకిరేవు కేవలము నిర్దోషి యని నేననను. అచ్చట రంగుకాగితము క్షారమును ఎక్కువగానే చూపినది; సోడా వాడుదురు గదా. కాని ఊరు మోపిన నేరములో ఆ రేవు పాలు మేమనుకొన్నంత గాదు. ఇన్నేండ్లుగా మేము ఆ కుటుంబములవారి ముఖముననే ఆ మాట అనుచుంటిమి.

తరువాతిది నల్లసీసాల పరీక్ష. 1982లో మన దేశపు శాస్త్రజ్ఞులే ప్రకటించిన సులభోపాయ మిది. మందు పూసిన కాగితపుముక్క గల చిన్నసీసాలో గీతవఱకు నీరు పోసి, మూత బిగించి, వెచ్చని చోట నుంచవలెను. మలముతో సంబంధముగల సూక్ష్మజీవులున్నచో అవి విడుచు దుర్గంధవాయువు కాగితములోని యినుపలవణముతో కలిసి నల్లనగును. 2019లో ఆరంభమైన జల జీవన్ మిషన్ క్రింద గ్రామమున కైదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పవలెనని యేర్పాటున్నది. మా యూర నేర్చిన యామెయే మా పిల్లలకు సీసాలిచ్చి వాడుక చూపెను. నల్లబడిన సీసాను తెఱచి వాసన చూడరాదు. బ్లీచింగుపొడి నీటిలో ముంచి నశింపజేయవలెను. చెఱువునీరు మూడుచోటులదియు నల్లబడినది. గుడివైపుది, చాకిరేవుది రెండవనాటికి నల్లబడగా, తూమువద్దిది తెల్లవారుసరికే కాటుక. కుళాయినీరు మూడవనాటికిని మాఱలేదు. ఇచ్చట నొకమాట చెప్పవలెను. గుడివైపు నీరు చూపునకు తేటగానే యుండెను, మూత మూడడుగుల లోతువఱకు కనబడెను. అయినను సీసా నల్లబడినది. మా యత్తగారు చిల్లగింజతో తేర్చిన నీటిని తలచుకొని నాకు లోలోపల భయమైనది. తేఱిన నీరెల్ల శుద్ధమైన నీరు గాదు.

ఆఱవవారము గాలివాన. పిల్లలు వెళ్లలేకపోయిరి. పట్టికలో ఆ గడి ఖాళీగా మిగిలినది. గీత గీయగా నడుమ తెగినట్లుండి చూపునకు వికారముగా తోచినది. అటు 2, ఇటు 2 యున్నప్పుడు నడుమను 2 వ్రాసిన నేమని అమ్మాయి యడుగగా, నేనును “అవును గదా” అంటిని. మావారు, “ఆ నాడు నీవు చూచితివా?” అని మాత్రమే యడిగిరి. గడి ఖాళీగానే యుండిపోయినది. అట్లే, గట్టున సీసపుకడ్డీతో వ్రాసి బురదమరకలు పడిన పుస్తకమును చూచి నేను, చక్కగా మఱియొక ప్రతి వ్రాయుమని బలవంతపెట్టితిని. నా చేతివ్రాతను చిన్ననాట మా తండ్రిగారు మెచ్చుకొనెడివారు. ఆ మోజు నన్నింకను విడువలేదు. పోటీకి పోవలసినది ఆ బురదపుస్తకమేయని తేలినది. తల్లులారా, ఇచ్చట నేను రెండుమాఱులు తప్పుదారి చూపితిని. మూడవది యింకను పెద్దది.

తూమువద్ద నీరు చెడినది సరే, ఆ కాలువలోనికి ఏమి వచ్చుచున్నదో చూడవలెను గదా. పిల్లలిద్దఱు కాలువవెంబడి తూమునుండి వెనుకకు నడచి, ఏ యింటినుండి యే గొట్టము దానిలో పడుచున్నదో పటము గీచిరి. స్నానపునీరు, గిన్నెలునీరు చాల యిండ్లనుండి. సెప్టిక్ ట్యాంకునుండి పొంగునీరు కొన్ని యిండ్లనుండి. ఆ కొన్నిటిలో కాలువ మొదట నున్నది మా యిల్లు.

నేనెఱుగనిది గాదు. ఇల్లు కట్టునాడు మేస్త్రి, “ట్యాంకునీరు కాలువలోనికి వదలెదనమ్మా, అందఱును అట్లే చేసిరి,” అనగా తలయూపినది నేనే. అటుపిమ్మట పదునాలుగేండ్లు దానిని తలపునకు తెచ్చుకొనలేదు. పటము నా చేతికి వచ్చినప్పుడు ఉపాధ్యాయుని యిల్లు మొదటి గుర్తుగా నుండుట చూచి సిగ్గుచే నాకు నోట మాట రాలేదు. వచ్చిన పిమ్మట వచ్చిన మాట యిది: “మన యిల్లు వ్రాయకున్న నేమి? ఒక్కటి తగ్గినచో ఫలితము మాఱునా?”

మా అమ్మాయి నా ముఖము చూచి, “మాఱదమ్మా. కాని చాకిరేవువారి పేరు వ్రాయుటకు మన మొప్పుకొంటిమి గదా,” అనెను. అంతకన్న నొక్కమాట అనలేదు. ఎదురింటి బాలిక తలవంచుకొని కూర్చుండెను. ఆమె తండ్రి చేపలచెఱువుల నీరుకూడ వట్టిపోయునప్పుడు మురుగుకాలువలోనికే పోవునని ఆ పిల్లకు తెలియును. ఆ రాత్రి రెండిండ్లలోను మాటలు తక్కువ. మఱునాడు అన్నయ్యగారే వచ్చి, “పంతులుగారూ, మీ యిల్లు వ్రాసినచో నా గొట్టము కూడ వ్రాయింపుడు,” అనిరి. ఆ గొట్టము మా చెఱువునకు సంబంధించినది గాదు, ఊరి దిగువ కాలువది. అయినను పటమునకు దిగువన దానికొక గుర్తు చేరినది. ఏలయనగా మా చెఱువు నిండి పొర్లిన నీరును ఆ కాలువలోనే పడి కొల్లేటికి పోవును.

కొల్లేరనగా మా యూరి కది చివరిమాట. కృష్ణాగోదావరుల డెల్టాల నడుమనున్న ఆ మంచినీటి సరస్సు 2002లో రాంసార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయముగా ముఖ్యమైన చిత్తడినేలగా గుర్తింపబడినది. అంతకుమునుపే 1999లో అయిదవ కాంటూరువఱకు, అనగా సుమారు 308 చదరపు కిలోమీటర్లు, వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. 2006లో దాని గర్భమున వెలసిన చేపలచెఱువుల గట్లను ప్రభుత్వము త్రెంచివేసినది. బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి తెచ్చు నీటితోపాటు ఊళ్ల మురుగు, పొలములమందులు కలిసి అచ్చట చేరును. చేరినది సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరు తప్ప వేఱుదారి లేదు. పెద్దసరస్సును పత్రికలలో చదివి విచారించుట తేలిక. దానిలో మన స్నానపుగదినీరు పాలెంతయని కొలుచుట మా పిల్లలకు చాతకాలేదు, ఎవరికిని తేలికగాదు.

జిల్లాపోటీలో మావాండ్రకు రాష్ట్రమునకు పోవు అవకాశము రాలేదు. పరీక్షకులలో నొకరు ఖాళీగడి చూపి కారణ మడుగగా, “గాలివాన, సార్, వెళ్లలేదు,” అని చెప్పిరట. వేసవిలో నెట్లుండునని మఱియొకరడుగగా, “చూడలేదండీ,” అనిరట. ఆయన పుస్తకమును చాలసేపు త్రిప్పిచూచి, బురదమరకను వ్రేలితో తడవి, నవ్వెనట. ఇంటికి వచ్చి యీ మాటలే పదిమాఱులు చెప్పిరి గాని ఓడిపోతిమని యేడువలేదు. ఏడ్చినది నేను, లోపల.

ఇంటిపని యిక మాదైనది. ఇంకుడుగుంట త్రవ్వింపవలెనని మేస్త్రిని పిలువగా, మా నేలలో వానకాలమున రెండడుగులు త్రవ్విన నీరు ఊరును గనుక గుంటలో ఏదియు ఇంకదని చెప్పెను. కడకు స్నానపునీరు, గిన్నెలునీరు మాత్రము అరటిపాదులకు, చేమమళ్లకు మరలించితిమి. సబ్బుపొడి వాడుక సగముచేసితిని. బట్టలు వెనుకటివలెనే తెల్లగా నున్నవి, ఇన్నేండ్లు అంత పొడి యేల పోసితినో తెలియదు. సెప్టిక్ ట్యాంకును రెండుమూడేండ్ల కొకమాఱు తీయింపవలసియుండగా మేము కట్టిననాటినుండి ముట్టలేదు. నిండిన ట్యాంకు మురుగును నిలుపలేక అంతయు కాలువకే త్రోయును. లారీని పిలిపించి శుభ్రము చేయించితిమి. పొంగునీటిగొట్టమును ఇంకను పూర్తిగా మూయలేకపోతిమి. దానికి ఇసుక, కంకర పఱచి మొక్కలు నాటిన యెత్తైన మడి కట్టవలెనని మావారు ఆలోచించుచున్నారు. ఖర్చు లెక్క చూచుకొనుచున్నాము.

లారీవాడు డబ్బు పుచ్చుకొని పోవుచుండగా మా అమ్మాయి వీధిలోనికి పరుగెత్తి, “అన్నా, దీని నెక్కడ పోసెదవు?” అని యడిగెను. అతడు బండి కదల్చుచు, “దూరముగానేలే చెల్లెమ్మా,” అనెను. పిల్ల లోపలికి వచ్చి ఆ బురదపుస్తకపు చివరిపుటలో తేదీ వేసి, ఆ ప్రశ్నను, ఆ బదులును వ్రాసికొనెను. మఱుసటి యాదివారము సైకిళ్లమీద ఆ లారీజాడ చూచివచ్చుటకు ఇద్దఱును మావారి యనుమతి యడిగిరి. ఒంటరిగా పోరాదని, అన్నయ్యగారు వెంట రావలెనని నేను పట్టుబట్టితిని.